చేసిందెవరో చెప్పని మాట: ఇంగ్లిష్ వార్తల్లో క్రియ మూడో రూపం

1912 ఏప్రిల్ 15న న్యూయార్క్ 'ఈవెనింగ్ సన్' పత్రిక మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో ఒక శీర్షిక వచ్చింది: 'ఆల్ సేవ్డ్ ఫ్రమ్ టైటానిక్ ఆఫ్టర్ కొలిజన్'. మంచుకొండను ఢీకొన్న టైటానిక్ నుంచి అందరినీ కాపాడారని దాని అర్థం. ఆ పత్రిక పాఠకుల చేతికి అందేసరికే ఓడ అట్లాంటిక్ అడుగుకు చేరి చాలా గంటలు గడిచాయి. సుమారు 1,500 మంది చనిపోయారు. 'కార్పేథియా' అనే మరో ఓడ ఏడు వందల పైచిలుకు మందిని మాత్రమే కాపాడగలిగింది. వైర్‌లెస్ సందేశాలు కలగాపులగమై తప్పుడు కబురు అందిన మాట నిజమే. అయినా ఆ శీర్షికలో 'సేవ్డ్' అనే ఒక్క మాట చేసిన పనిని గమనించాలి. కాపాడింది ఎవరు? కాపాడారని చెప్పింది ఎవరు? రెండు ప్రశ్నలకూ ఆ వాక్యంలో చోటు లేదు. ఫలానా ఓడ అందరినీ కాపాడిందని రాయాల్సి వస్తే ఓడ పేరు కావాలి. పేరు కోసం వెతికితే కబురులోని డొల్లతనం బయటపడే అవకాశమైనా ఉండేది. 'సేవ్డ్' ఆ అవసరం లేకుండా చేసింది. పని జరిగిపోయిందని మాత్రం ఖాయంగా చెప్పింది.

క్రియకు మూడు రూపాలుంటాయని బడిలో అందరూ వల్లె వేసిందే: గో, వెంట్, గాన్; టేక్, టుక్, టేకెన్. ఇందులో మూడోదాన్ని వ్యాకరణ పుస్తకాలు పాస్ట్ పార్టిసిపుల్ అంటాయి. పేరులో 'పాస్ట్' ఉన్నా అది సొంతంగా ఏ కాలాన్నీ సూచించదు. 'హ్యావ్' తోడైతే పని పూర్తయిన సంగతి చెబుతుంది. 'బీ' తోడైతే కర్మణి వాక్యం అవుతుంది, అంటే పని చేసినవారిని కాక, అది ఎవరి మీద జరిగిందో వారిని ముందు నిలిపే వాక్యం. ఆ పని నిన్నటిదైనా కావచ్చు, రేపటిదైనా కావచ్చు. ఏ తోడూ లేకుండా నామవాచకం ముందు నిలబడితే విశేషణం అవుతుంది. వార్తల ఇంగ్లిష్ ఈ మూడు పనులూ దానిచేత రోజూ చేయిస్తుంది. పైగా పక్కన ఉండాల్సిన చిన్న చిన్న మాటలను తీసేసి దాన్ని ఒంటరిగా నిలబెడుతుంది. చిక్కు మొదలయ్యేది అక్కడే.

శీర్షికల భాషకు వేరే కాలమానం ఉంది. నిన్న జరిగినదాన్ని వర్తమానంలో రాస్తారు. రేపు జరగబోయేదానికి క్రియ ముందు 'టు' చేరుస్తారు. మామూలు భూతకాలం, అంటే క్రియ రెండో రూపం, శీర్షికల్లో అరుదు. అందుకే '-ఈడీ'తో ముగిసే క్రియ శీర్షికలో ఒంటరిగా కనిపిస్తే దాన్ని మూడో రూపంగానే చదవాలి. దాని ముందున్న మనిషి ఆ పని చేసినవాడు కాదు, ఆ పని ఎవరి మీద జరిగిందో అతను. 'మ్యాన్ అరెస్టెడ్' అంటే ఒక వ్యక్తి ఎవరినో అరెస్టు చేశాడని కాదు; అతనే అరెస్టయ్యాడని. ఇంగ్లిష్ పత్రిక చదవడం కొత్తగా మొదలుపెట్టినవారు 'వాజ్' ఏదని వెతుకుతారు. కాలమ్ వెడల్పు చాలక దాన్ని తీసేశారు.

ఈ కత్తిరింపు ఎంతవరకు వెళ్తుందో, ఎక్కడ ఆగుతుందో చూడడానికి 1963 నవంబరు 23 నాటి 'న్యూయార్క్ టైమ్స్' పతాక శీర్షిక మంచి ఉదాహరణ: 'కెనెడీ ఈజ్ కిల్డ్ బై స్నైపర్ యాజ్ హీ రైడ్స్ ఇన్ కార్ ఇన్ డల్లాస్, జాన్సన్ స్వోర్న్ ఇన్ ఆన్ ప్లేన్'. డల్లాస్‌లో కారులో వెళ్తున్న అమెరికా అధ్యక్షుడు కెనెడీని చాటునుంచి కాల్చి చంపారని, జాన్సన్ చేత విమానంలో అధ్యక్షుడిగా ప్రమాణం చేయించారని అర్థం. మొదటి సగంలో 'ఈజ్' ఉంది, 'బై' కూడా ఉంది. చంపింది ఎవరన్నదానికి 'చాటునుంచి కాల్చినవాడు' అనే జవాబు ఉంది, పేరు లేదు. అప్పటికే లీ హార్వే ఆస్వాల్డ్‌ను పోలీసులు పట్టుకున్నారు. కానీ పట్టుబడినవాడే హంతకుడని శీర్షికలో తేల్చేయలేదు. రెండో సగంలో 'ఈజ్' పోయింది, ప్రమాణం చేయించినవారి ఊసూ పోయింది. ఆ పని చేసింది న్యాయమూర్తి సారా హ్యూస్ అన్న సంగతి ఆ పూట పాఠకుడికి ముందుగా కావాల్సింది కాదు. దేశానికి అధ్యక్షుడు ఉన్నాడన్నదే కావాలి. ఒకే శీర్షికలో రెండు మూడో రూపాలు. ఒకచోట చేసినవారిని తెలిసినంత మేరకు చెప్పారు, మరోచోట అవసరం లేక వదిలేశారు. రెండూ ఆలోచించి చేసినవే. కెనెడీ పేరు ముందు రావాలంటే కర్మణి వాక్యమే దారి. హంతకుడితో మొదలుపెడితే వార్త తలకిందులయ్యేది.

మూడు రూపాలూ ఒకటే అయిన క్రియలతో మరో చిక్కు. కట్, హిట్, పుట్, షట్, సెట్, హర్ట్ అన్నీ అలాంటివే. పొట్టివి కాబట్టి శీర్షికలు రాసేవారికి ఇవంటే ఇష్టం. 'పోలీస్ హర్ట్' అని మొదలైన శీర్షికను ఆ రెండు మాటల దగ్గర ఆపి చూస్తే, పోలీసులు ఎవరినో గాయపరిచారో, పోలీసులే గాయపడ్డారో తేలదు. ఇంగ్లిష్‌లో 'పోలీస్' బహువచనం కావడంతో వర్తమాన క్రియ చివర ఉండాల్సిన 'ఎస్' కూడా సాయానికి రాదు. తర్వాత 'ప్రొటెస్టర్స్' వస్తే కొట్టింది పోలీసులు. 'ఇన్ ప్రొటెస్ట్' వస్తే దెబ్బలు తిన్నది పోలీసులు. మాట మారకుండానే నేరం ఇటునుంచి అటు మారిపోతుంది.

2009లో 'జపాన్ టుడే'లో వచ్చిన ఒక శీర్షిక ఇలాంటి తికమకకు ఏకంగా ఒక పేరు తెచ్చిపెట్టింది. 'వయొలినిస్ట్ లింక్డ్ టు జేఏఎల్ క్రాష్ బ్లాసమ్స్' అన్నది ఆ శీర్షిక. 'లింక్డ్' అసలు క్రియ అనుకుని చదివితే, ఆ వయొలిన్ కళాకారిణికి 'క్రాష్ బ్లాసమ్స్' అనే ఏవో పూలతో సంబంధం ఉందన్నట్టు ధ్వనిస్తుంది. నిజానికి అసలు క్రియ చివరి మాట. 520 మంది ప్రాణాలు తీసిన 1985 జపాన్ ఎయిర్‌లైన్స్ ప్రమాదంలో తండ్రిని పోగొట్టుకున్న ఆమె కళాకారిణిగా వికసిస్తోందని వార్త. 'లింక్డ్' అక్కడ మూడో రూపం, 'ఆ ప్రమాదంతో ముడిపడిన' అనే విశేషణం మాత్రమే. అప్పటినుంచి ఇలా తప్పుదారి పట్టించే శీర్షికలను ఇంగ్లిష్ సబ్ ఎడిటర్లు 'క్రాష్ బ్లాసమ్స్' అనే పిలుస్తున్నారు. రెండో రూపం, మూడో రూపం చాలా క్రియల్లో ఒకేలా ఉండడమే ఈ తికమకకు మూలం. అక్కడ 'లింక్డ్' బదులు 'టేకెన్' లాంటి మాట ఉండి ఉంటే ఎవరూ పొరబడేవారు కాదు.

వార్త లోపలికి వెళ్తే మూడో రూపానికి కాస్త ఊపిరి ఆడుతుంది. బ్రిటిష్ వార్తల్లో మొదటి వాక్యం తరచుగా 'హ్యాజ్ బీన్ అరెస్టెడ్' అని ఉంటుంది. అందులో రోజు ఉండదు, వేళ ఉండదు. రెండో పేరా 'వాజ్ అరెస్టెడ్'కు మారి మంగళవారమో బుధవారమో చెబుతుంది. 'హ్యాజ్' ఉన్న వాక్యంలో గడిచిపోయిన ఫలానా సమయాన్ని పెట్టడం ఇంగ్లిష్ ఒప్పుకోదు కాబట్టి ఈ పద్ధతి. తాజాదనం మొదటి వాక్యానికి, వివరం రెండోదానికి. అమెరికా పత్రికలు మొదటి వాక్యంలోనే రోజు పేరు పెట్టేస్తాయి, అందుకే నేరుగా 'వాజ్'తో మొదలుపెడతాయి.

మూడో రూపం బరువు అసలు తెలిసేది నేర వార్తల్లో. అక్కడ ప్రతి మాటా చట్టంలోని ఒక మెట్టు. 'డిటెయిన్డ్' అంటే అదుపులోకి తీసుకున్నారు. అది అరెస్టు కాకపోవచ్చు. 'అరెస్టెడ్' అంటే అరెస్టు చేశారు. అభియోగం ఇంకా మోపకపోవచ్చు. 'చార్జ్‌డ్' అంటే అభియోగం మోపారు. 'ఇండైటెడ్' అంటే, అమెరికాలో, సాధారణంగా గ్రాండ్ జ్యూరీ, అంటే విచారణకు తగిన ఆధారం ఉందో లేదో చూసే పౌరుల బృందం, ఆ అభియోగానికి ముద్ర వేసింది. 'కన్విక్టెడ్' దగ్గరికి వచ్చాకే ఆ మనిషి దోషి. 'సెంటెన్స్‌డ్' అంటే శిక్ష పడింది. 'అక్విటెడ్' అంటే నేరం రుజువు కాలేదని విడిచిపెట్టారు. నిర్దోషిత్వం రుజువైందని కాదు. ఈ మెట్లలో ఏ ఒక్కటి తారుమారైనా ఒక మనిషి పరువు పోతుంది, పత్రిక మీద పరువు నష్టం దావా పడుతుంది. పొట్టిదని అందరూ వాడే 'హెల్డ్' ఈ మెట్లన్నిటినీ చెరిపేసే మాట. అదుపులోకి తీసుకున్నా 'హెల్డ్', అరెస్టు చేసినా 'హెల్డ్', జైల్లో పెట్టినా 'హెల్డ్'. అనుమానితుడి పేరు రాస్తున్నప్పుడు ఆ మాట జోలికి పోకపోవడమే మంచిది.

'బుక్డ్' సంగతి ఇంకా విచిత్రం. అమెరికాలో ఆ మాటకు అరెస్టయిన వ్యక్తిని స్టేషన్‌కో జైలుకో తెచ్చి పేరు, వేలిముద్రలు, ఫొటో నమోదు చేశారని అర్థం. భారతీయ ఇంగ్లిష్ పత్రికల్లో అదే మాటకు కేసు నమోదైందని మాత్రమే అర్థం. ఆ వ్యక్తి ఇంట్లోనే ఉండవచ్చు, పోలీసులు ఇంకా గడప తొక్కకపోయి ఉండవచ్చు. ఒక దేశపు వార్తను మరో దేశపు పాఠకుడు చదివినప్పుడు కేసు నమోదు కాస్తా అరెస్టు అయిపోతుంది.

'అసోసియేటెడ్ ప్రెస్' వార్తాసంస్థ శైలి పుస్తకం ఈ విషయంలో చాలా నిక్కచ్చిగా ఉంటుంది. హంతకుడు అనే మాట ముందు 'అక్యూజ్డ్' తగిలించి, ఆ వెంటనే పేరు రాయవద్దని అది చెబుతుంది. 'హత్య చేశాడన్న ఆరోపణ ఎదుర్కొంటున్న ఫలానా వ్యక్తి' అని విడదీసి రాయాలి. కారణం స్పష్టం. 'అక్యూజ్డ్' విశేషణం, 'హంతకుడు' నామవాచకం. చదివేవారి కన్ను విశేషణాన్ని దాటేసి నామవాచకాన్ని పట్టుకుంటుంది. అలాగే 'చంపినందుకు అరెస్టు' అనే తీరు వాక్యం వద్దు, 'చంపాడన్న అభియోగంపై అరెస్టు' అనాలి. 'చంపినందుకు' అనగానే చంపాడని పత్రికే ఒప్పేసుకున్నట్టు. ఈ జాగ్రత్త తెలుగు డెస్కుల్లోనూ ఉంది: 'హత్య చేసినందుకు అరెస్టు' అనకుండా 'హత్య కేసులో అరెస్టు' అని రాయడం అందుకే.

'అలెజ్డ్' గురించి కొంచెం ఎక్కువే చెప్పుకోవాలి, ఎందుకంటే అంత ఎక్కువగా దుర్వినియోగమయ్యే మూడో రూపం మరొకటి లేదు. 'ఆరోపించిన' అని దాని అర్థం. ఆ మాట ఒక్కటి చేరిస్తే చాలు, ఏం రాసినా చట్టం జోలికి రాదని చాలామంది విలేకరుల నమ్మకం. అది పొరపాటు. ఆరోపణను తిరిగి ప్రచురించడం కూడా ప్రచురణే. 'అలెజ్డ్' అనే రక్ష దాన్ని పూర్తిగా కాపాడలేదు. కాపాడేది, కాపాడితే, ఆ ఆరోపణ ఎక్కడ ఉందో చెప్పడం: కోర్టు పత్రంలోనా, పోలీసు ప్రకటనలోనా, బాధితురాలి ఫిర్యాదులోనా. రెండో పొరపాటు, సందేహమే లేనిచోట దాన్ని వాడడం. దుకాణంలో దొంగతనం జరిగిందన్నది అందరికీ తెలిసినప్పుడు అది ఆరోపిత దొంగతనం కాదు. దొంగిలించింది ఫలానావాడన్నది మాత్రమే ఆరోపణ. మూడో పొరపాటు అన్నిటికంటే బాధాకరం. ఒంటినిండా గాయాలతో ఆసుపత్రిలో ఉన్న మనిషిని 'అలెజ్డ్ విక్టిమ్' అని రాయడం. అక్కడ తేలాల్సింది దాడి చేసిందెవరో. దెబ్బలు తగిలాయా లేదా అన్నది కాదు. మాటను ఎక్కడ పెట్టాలో చూడకుండా అలవాటుగా అతికించడం వల్ల అనుమానం తప్పుడు మనిషి మీద వాలుతుంది.

ఇదే కుటుంబానికి చెందినవి 'బిలీవ్డ్', 'థాట్', 'రిపోర్టెడ్', 'ఫియర్డ్'. 'రెండు వందల మంది ఫియర్డ్ డెడ్' అన్న శీర్షికలో భయపడుతున్నది ఎవరు? సహాయక సిబ్బందా, అధికారులా, బంధువులా, వార్త రాసినవారా? ఆ అంకె ఎవరి నోటినుంచి వచ్చింది? విపత్తు జరిగిన మొదటి గంటల్లో ఈ మాట లేకుండా వార్త రాయడం కష్టమే, అది ఒప్పుకోవాలి. మరి రెండో రోజూ మూడో రోజూ అలాగే కొనసాగితే, అడగాల్సిన ప్రశ్న ఎవరూ అడగలేదని అర్థం. బ్రిటిష్ రాజకీయ వార్తల్లో కనిపించే 'అండర్‌స్టుడ్' మరింత లోతైనది. పైకి 'అర్థమవుతోంది' అన్నట్టే ఉంటుంది. తెలిసినవారికి మాత్రం అది ఒక సంకేతం: ఎవరో పెద్దమనిషి పేరు రాయవద్దన్న షరతుతో చెప్పారు. పాఠకుల్లో చాలామందికి ఆ సంకేతం తెలియదు. తెలియనివారు దాన్ని పత్రిక సొంత అంచనా అనుకుంటారు.

చేసినవారిని దాచడంలో మూడో రూపం ఎంత సమర్థమో రాజకీయ నాయకులకు బాగా తెలుసు. ఇరాన్‌కు ఆయుధాలు అమ్మిన వ్యవహారం అమెరికాను కుదిపేస్తున్న రోజుల్లో, 1987 జనవరి 27న అధ్యక్షుడు రొనాల్డ్ రీగన్ చట్టసభల ముందు మాట్లాడుతూ తీవ్రమైన పొరపాట్లు జరిగాయన్నారు. ఆయన వాడింది 'వర్ మేడ్'. 'చేశాను' కాదు, 'చేశాం' కాదు, 'మావాళ్లు చేశారు' కూడా కాదు. ఇలాంటి వాక్యానికి రాజకీయ విశ్లేషకుడు విలియం ష్నైడర్ 'పాస్ట్ ఎగ్జానరేటివ్' అని పేరు పెట్టారు, అంటే తప్పునుంచి తప్పించే భూతకాలం. రాజకీయ నాయకుడు అలా మాట్లాడడంలో వింత లేదు. విలేకరి అదే వాక్యాన్ని తన సొంత వాక్యంగా దించేస్తేనే తప్పు.

పోలీసు కాల్పుల వార్తల్లో ఇది తరచుగా జరుగుతుంది. పోలీసు ప్రకటనలో 'కాల్పులు జరిగాయి, ఒక వ్యక్తికి తూటా తగిలింది' అని ఉంటుంది. అమెరికాలో దీనికి 'ఆఫీసర్-ఇన్‌వాల్వ్‌డ్ షూటింగ్' అనే పడికట్టు మాటే పుట్టింది. పోలీసు అధికారికి ఆ కాల్పులతో ఏదో ప్రమేయం ఉందట! కాల్చాడా, కాల్పులకు గురయ్యాడా, పక్కన నిలబడ్డాడా? 'ఇన్‌వాల్వ్‌డ్' అనే మూడో రూపం మూడింటికీ సరిపోతుంది. ఈ అస్పష్టమైన మాట మానేయమని అసోసియేటెడ్ ప్రెస్ తన విలేకరులకు సూచించింది. కాల్చింది పోలీసని తెలిసినప్పుడు 'పోలీసు కాల్చాడు' అని రాయడానికి రెండే రెండు మాటలు చాలు.

అలాగని నేరమంతా కర్మణి వాక్యానిదే అనడం సరికాదు. 'వైలెన్స్ ఎరప్టెడ్', అంటే హింస చెలరేగింది, కర్మణి వాక్యం కాదు, కర్తరి వాక్యమే. అందులోనూ రాయి విసిరినవాడు లేడు, లాఠీ ఎత్తినవాడు లేడు. హింస తనంతట తానే పుట్టినట్టుంది. మరోవైపు 'కిల్డ్ బై స్నైపర్' కర్మణి అయినా చేసినవాణ్ణి చూపిస్తోంది. కాబట్టి కర్మణి వాక్యం కనబడగానే కొట్టేసే సంపాదకుడు సగం పనే చేస్తున్నాడు. చూడాల్సింది వేరు: వార్త రాసే సమయానికి ఆ పని చేసిందెవరో తెలుసా? తెలియకపోతే వదిలేయడం నిజాయితీ. తెలిసీ వదిలేస్తే, ఎందుకు వదిలేశారో చెప్పగలగాలి.

నామవాచకం ముందు విశేషణంగా నిలిచే మూడో రూపాల్లో కొన్ని పత్రికల్లో తప్ప బయట బతకవు. చిక్కుల్లో పడ్డ నాయకుడు 'ఎంబాటిల్డ్', నష్టాల్లో కూరుకున్న సంస్థ 'బిలీగర్డ్'. ముట్టడికి సంబంధించిన డచ్చి మాట నుంచి వచ్చింది ఈ రెండోది. ఈ క్రియల మొదటి రూపాలను మామూలు మాటల్లో ఎవరూ వాడరు. ఇవి పెద్దగా హాని చేయవు, పాతబడిపోయాయి అంతే. హాని చేసేది 'డిస్‌గ్రేస్డ్'. ఎవరు అవమానించారు? ఎప్పుడు? ఎందుకు? ఒకసారి ఒక పేరు ముందు ఆ మాట చేరిందంటే ఇరవై ఏళ్ల తర్వాత రాసే వార్తలోనూ ఉంటుంది. దానికి తేదీ లేదు, గడువు లేదు. దాని బదులు ఫలానా సంవత్సరంలో ఫలానా కారణంతో రాజీనామా చేసిన వ్యక్తి అని రాస్తే నాలుగు మాటలు ఎక్కువైనా తీర్పు పాఠకుడికే మిగులుతుంది. అంతర్జాతీయ వార్తల్లో 'బ్యాక్డ్' కూడా ఇలాంటిదే. దేశం పేరు, అడ్డగీత, 'బ్యాక్డ్': ఆ దేశం దన్నుగా నిలిచిన దళం అని. డబ్బిచ్చిందా, ఆయుధాలిచ్చిందా, శిక్షణ ఇచ్చిందా, లేక ఐక్యరాజ్యసమితిలో నాలుగు మాటలు అనుకూలంగా మాట్లాడిందా? ఇవన్నీ ఒకే అడ్డగీత వెనక ఇమిడిపోతాయి.

చిన్నవిగా కనిపించినా అర్థం తేడా చేసేవి మరికొన్ని ఉన్నాయి. ఉరితీసిన మనిషికి 'హ్యాంగ్డ్', గోడకు వేలాడదీసిన పటానికి 'హంగ్'. నీళ్లలో మునిగి చనిపోయినవారికి 'డ్రౌన్డ్' చాలు. ముందు 'వాజ్' చేరిస్తే ఎవరో ముంచి చంపారన్న సూచన వస్తుందని అసోసియేటెడ్ ప్రెస్ హెచ్చరిస్తుంది. మూడో రూపంతో వాక్యం మొదలుపెట్టినప్పుడు ఇంకో ప్రమాదం ఉంది. 'కాలికి తూటా తగిలి' అనే అర్థంలో 'షాట్ ఇన్ ద లెగ్' అని మొదలుపెట్టి, కామా తర్వాత 'పోలీసులు అతన్ని ఆసుపత్రికి తరలించారు' అని ముగిస్తే, ఇంగ్లిష్ వ్యాకరణం ప్రకారం తూటా తగిలింది పోలీసుల కాలికే. మొదటి భాగం ఎవరి గురించో, కామా తర్వాత వచ్చే కర్త కూడా అతనే కావాలి.

ఇంగ్లిష్ ఏజెన్సీ వార్తను తెలుగులోకి తెచ్చేవారికి మూడో రూపం రోజూ ఎదురయ్యే పరీక్ష. 'చేయబడింది', 'అరెస్టు చేయబడ్డాడు' అని మక్కికి మక్కి దించడం తెలుగు కాదని అందరూ ఒప్పుకుంటారు. తెలుగులో కర్తను చెప్పకుండానే 'అరెస్టు చేశారు' అనవచ్చు. ఆ 'ఆరు' ప్రత్యయం చేసినవారు మనుషులేనన్న జాడనైనా నిలుపుతుంది. అసలు ప్రమాదం విశేషణం దగ్గర ఉంది. ఇంగ్లిష్‌లో 'మర్డర్డ్' అనే మాట మనిషి ముందు వస్తే అతను హతుడే, సందేహం లేదు. తెలుగులో 'హత్య చేసిన వ్యక్తి' అంటే హంతకుడు. 'అరెస్టు చేసిన వ్యక్తి' అంటే అరెస్టయినవాడూ కావచ్చు, అరెస్టు చేసిన అధికారీ కావచ్చు. తెలుగు 'చేసిన'కు కర్త వైపు, కర్మ వైపు రెండు దిక్కులా తిరిగే స్వభావం ఉంది. ఇలా వాడిన ఇంగ్లిష్ మూడో రూపానికి ఒకటే దిక్కు. రాత్రి పదకొండింటికి పేజీ మూసే తొందరలో ఈ తేడా మరిచిపోతే హతుడు హంతకుడైపోతాడు. 'హత్యకు గురైన', 'అరెస్టయిన', 'గాయపడిన' అనే మాటలు ఈ చిక్కును తీర్చడానికి పత్రికల భాషలో స్థిరపడినవే. 'ఫియర్డ్ డెడ్' వచ్చినప్పుడు 'చనిపోయి ఉంటారని అధికారులు భయపడుతున్నారు' అని రాయబోయేవారు ఒక్క క్షణం ఆగి, ఆ అధికారులు అసలు వార్తలో ఉన్నారో లేదో చూసుకోవాలి. లేకపోతే ఏజెన్సీకి ఫోన్ చేసి అడగాలి, లేదా ఆ అంకెను మరుసటి ఎడిషన్ వరకు ఆపాలి.